సహాయ పుటలో లింకు దారి తప్పితే: కారణాలు, గుర్తులు, సరిదిద్దే మార్గాలు

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల తెలుగు కుటుంబాలకు నిత్యం రెండు రాష్ట్రాలతో పని. పొలం కాగితం మహారాష్ట్రది, వియ్యంకులది తెలంగాణ. పిల్లల చదువు మరాఠీలో, ఇంటి మాట తెలుగులో. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయి నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1న అది మహారాష్ట్ర అయింది. నాటినుండి ఈ రెండు గడపల బ్రతుకు మనకు అలవాటైపోయింది.

అందువలన ఒక్కొక్క పనికి రెండేసి రాష్ట్రాల నియమాలు తెలుసుకొనవలసి వస్తుంది. నెట్ ఎల్లవేళలా అందని చోట వివరాలున్న పుటలను పెన్‌డ్రైవ్‌లోనో, కంప్యూటరులోనో, ఫోనులోనో దాచుకొంటాము. పంటల పుస్తకం, పరీక్షల పాఠాలు, దరఖాస్తు నింపే విధానం, కొత్త ప్రోగ్రాముతో వచ్చిన సహాయ పుటలు, ఇవన్నీ అటువంటివే. వీటిలో అధిక భాగం హెచ్‌టిఎమ్‌ఎల్ అనే పద్ధతిలో వ్రాసిన ఫైళ్లు. వాటిని చూపించే సాధనమే హెల్ప్ వ్యూయర్. అటువంటి పుటలో పైన ఉన్న విషయసూచికలో ఒక పేరును నొక్కితే, అదే పుటలో క్రిందనున్న ఆ భాగానికి చేరవలెను. కాని ఒక్కొక్కసారి చేరదు. పుట కదలదు, లేదా మొదటికే తిరిగి వస్తుంది, లేదా మరొక భాగం వద్ద ఆగుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో, జరిగినప్పుడు ఏమి చేయవలెనో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

హెల్ప్ వ్యూయర్ అంటే ఏమిటి?

కంప్యూటరు ప్రోగ్రాములతో పూర్వం అచ్చు పుస్తకాలు వచ్చేవి. తరువాత ఆ పుస్తకం ప్రోగ్రాములోనే చేరింది. 1990లో వెలువడిన విండోస్ 3.0తో పాటు విన్‌హెల్ప్ అనే సాధనం వచ్చింది. అది తనదైన ప్రత్యేక పద్ధతిలో వ్రాసిన ఫైళ్లను మాత్రమే చూపేది. 1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ హెచ్‌టిఎమ్‌ఎల్ హెల్ప్‌ను తెచ్చింది. వెబ్ పుటలు ఏ పద్ధతిలో వ్రాస్తారో సహాయ పుటలనూ అదే పద్ధతిలో వ్రాసి, అన్నింటిని కలిపి సిహెచ్‌ఎమ్ అనే ఒకే ఫైలుగా మూట కట్టడం దీని విధానం. ఎడమవైపు విషయసూచిక, కుడివైపు పుట కనిపించే ఆ సహాయ పుస్తకాలు 2000ల నాటి కంప్యూటర్లు వాడినవారందరికీ పరిచితమే. విద్యార్థుల పాఠ్యపుస్తకాలు సైతం ఈ రూపంలో సీడీల మీద చేతులు మారాయి.

లినక్స్ వాడేవారికి గ్నోమ్ డెస్క్‌టాప్‌లో యెల్ప్ అనే వ్యూయర్, కెడిఈలో కెహెల్ప్‌సెంటర్ ఉన్నాయి. ఆపిల్ కంప్యూటర్లకు వాటి సొంత హెల్ప్ వ్యూయర్ ఉన్నది. పేర్లు వేరైనా ఇవన్నీ చేసే పని ఒకటే. మన యంత్రంలోనే ఉన్న ఫైలును తెరిచి, అందులోని లింకులను నడిపించడం. బ్రౌజరు చేసే పని కూడా ఇదే. కాని బ్రౌజరును కోట్ల మంది ప్రతిదినం వాడుతారు కనుక అందులోని లోపాలు త్వరగా బయటపడి సరిచేయబడతాయి. హెల్ప్ వ్యూయర్‌ను అవసరమైనప్పుడు మాత్రమే తెరుస్తాము. అందులోని లోపాలు ఎక్కువ కాలం దాగి ఉంటాయి.

పుట లోపలి లింకు ఎలా పనిచేస్తుంది?

ఒక లింకు చిరునామాను ఉదాహరణగా తీసుకొందాం: పంటలు.హెచ్‌టిఎమ్‌ఎల్#పత్తి. ఇందులో # గుర్తుకు ముందున్నది ఫైలు పేరు. తరువాత ఉన్నది ఆ ఫైలులోని చోటు పేరు. పుటను వ్రాసినవారు పత్తి అనే శీర్షిక వద్ద ఐడి అనే గుర్తును ఉంచి, దానికి పత్తి అని పేరు పెట్టి ఉంటారు. చూపే సాధనం ముందుగా ఫైలును తెరిచి, తరువాత ఆ పేరుగల గుర్తును వెదకి, పుటను అక్కడికి జరుపుతుంది.

నాందేడ్ నుండి నిజామాబాదు వెళ్లే రైలు ముద్‌ఖేడ్, ఉమ్రి, ధర్మాబాద్, బాసర మీదుగా పోతుంది. మీరు ధర్మాబాదుకు టిక్కెట్టు కొంటారు. స్టేషనులో దిగిన తరువాత ఏ వీధిలో ఏ ఇంటికి పోవలెనో టిక్కెట్టు మీద ఉండదు, రైలుకు దానితో పని లేదు. చిరునామాలో # తరువాతి భాగం కూడా అటువంటిదే. నెట్‌లో పుటను తెప్పించుకొనేటప్పుడు ఆ భాగం అవతలి యంత్రానికి అసలు వెళ్లదు. దానిని అర్థం చేసుకొనవలసినది మన ముందున్న బ్రౌజరు లేదా హెల్ప్ వ్యూయర్ మాత్రమే.

లింకులో ఫైలు పేరు లేకుండా #పత్తి అని మాత్రమే ఉంటే, ఈ పుటలోనే పత్తి అనే చోటికి పొమ్మని అర్థం. మనం ఇంటి ముంగిట్లోనే ఉన్నాము, పెరట్లోకి పోవలెను. అందుకు మళ్లీ నాందేడ్ స్టేషనుకు పోయి రైలెక్కనక్కరలేదు కదా! 2005 జనవరిలో వెలువడిన 3986 సంఖ్యగల చిరునామాల ప్రమాణ పత్రం ఈ విషయాన్నే చెబుతున్నది. చిరునామా ప్రస్తుత పుటనే సూచిస్తున్నప్పుడు, ఆ పుటను మళ్లీ తెప్పించుకొనే ప్రయత్నం చేయరాదు. దారి తప్పే హెల్ప్ వ్యూయర్లలో పెక్కు ఈ చిన్న నియమాన్ని తప్పినవే.

మౌనమే అసలు ప్రమాదం

ఫైలు దొరకకపోతే సాధనం ఆ సంగతి తెలుపుతుంది. పుట దొరకలేదని తెర మీద వ్రాసి చూపుతుంది. కాని ఫైలు దొరికి, అందులోని చోటు దొరకకపోతే ఏమీ చెప్పదు. పుట ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది, లేక మొదటి నుండి కనిపిస్తుంది. చదువరి మాత్రం తాను కోరిన చోటికే వచ్చానని భ్రమపడుతాడు.

పంటల పుటలో సోయాబీన్ పేరును నొక్కగా పత్తి భాగం వద్ద పుట ఆగిందనుకొందాం. శీర్షిక తెర పైభాగాన దాగిపోయి, మందు మోతాదు పట్టిక మాత్రమే కనిపిస్తున్నది. ఆ అంకెలను వ్రాసుకొని రైతు పొలానికి పోతే కలిగే నష్టం కంప్యూటరుకు కాదు, పైరుకు. దరఖాస్తుల విషయంలోనూ ఇంతే. మహారాష్ట్రలో భూమి హక్కుకు సాత్‌బారా ఉతారా అడుగుతారు. గ్రామ నమూనా 7 హక్కులను, నమూనా 12 పంటలను తెలుపుతాయి. తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ అనే మాటలు వినిపిస్తాయి. ఒక రాష్ట్రపు భాగానికని నొక్కి రెండవ రాష్ట్రపు జాబితా చదివితే, పనికిరాని కాగితాల కోసం తహసీలు కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. గడువు దాటిపోతే ఆ ఏడాది అవకాశమే పోవచ్చును.

కావున లింకు సరిగా పనిచేయకపోవడం కంప్యూటరు తెలిసినవారి వ్యవహారమని తోసివేయదగినది కాదు.

దారి తప్పే ఎనిమిది కారణాలు

1. చిరునామాను రెండుగా విడదీయకపోవడం. కొన్ని వ్యూయర్లు పంటలు.హెచ్‌టిఎమ్‌ఎల్#పత్తి అన్న మొత్తాన్ని ఒకే ఫైలు పేరుగా భావించి, అటువంటి ఫైలు లేదంటాయి. మరికొన్ని # తరువాతి భాగాన్ని పారవేసి పుటను మొదటి నుండి చూపుతాయి. వ్యూయర్‌కు తనదైన చిరునామా పద్ధతి ఉన్నప్పుడు ఈ చిక్కు మరింత పెరుగుతుంది. గ్నోమ్‌లోని యెల్ప్ పాత సహాయ చిరునామాలలో విభాగం పేరుకు ముందు # కాక ? గుర్తు వాడేవారు. పైగా అది ఒకే పెద్ద పత్రాన్ని అనేక పుటలుగా విడగొట్టి చూపేది. ఇటువంటి సాధనం తన సొంత పత్రాలకు ఒక పద్ధతిని, మామూలు హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైళ్లకు మరొక పద్ధతిని పాటించవలసి ఉంటుంది. రెండవదానిని మరచిన చోట పుట లోపలి లింకు చెడిపోతుంది.

2. ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రాముకు అందించేటప్పుడు జారిపోవడం. ఒక ప్రోగ్రాములోని సహాయం మీటను నొక్కితే, అది యంత్రంలోని ఫైలును # చోటుతో సహా తెరవమని విండోస్‌ను కోరుతుంది. విండోస్ ఆ ఫైలును ఏ బ్రౌజరుతో తెరవవలెనో చూసి, ఫైలు పేరును మాత్రమే బ్రౌజరుకు అందిస్తుంది. # తరువాతి భాగం మధ్యలోనే రాలిపోతుంది. నెట్ చిరునామాకు ఈ ఇబ్బంది లేదు, యంత్రంలోని ఫైళ్లకే ఉన్నది. పుటను వ్రాసినవారిది గాని బ్రౌజరుది గాని ఇందులో తప్పు లేదు.

3. ఫోల్డరు పేరులోనే # గుర్తు ఉండటం. కొందరు ఫోల్డర్లకు వరుస సంఖ్య వేస్తూ #1, #2 అని పేర్లు పెడతారు. ప్రోగ్రామింగ్ నేర్చుకొనే విద్యార్థులు సి# అనే భాష పేరుతోనే ఫోల్డరు తెరుస్తారు. అందులో సిహెచ్‌ఎమ్ పుస్తకాన్ని ఉంచితే ఎడమవైపు విషయసూచిక కనిపించి, కుడివైపు పుట మాత్రం తెరుచుకొనదు. # తరువాత ఉన్నదంతా చోటు పేరని ఆ వ్యూయర్ పొరబడటమే ఇందుకు కారణం. ఫోల్డరు పేరు మార్చితే పుస్తకం యథాప్రకారం తెరుచుకొంటుంది. చిరునామాలో నిజంగా # ఉన్న పేరును వ్రాయవలసి వస్తే %23 అని వ్రాయడం నియమం.

4. దాచిన పుట పాత ఇంటినే తలచుకోవడం. నెట్‌లోని పుటను యంత్రంలో దాచినప్పుడు కొన్ని బ్రౌజర్లు అందులోని లింకులన్నిటినీ పూర్తి నెట్ చిరునామాలుగా మార్చి వ్రాస్తాయి. అప్పుడు పుట లోపలి లింకును నొక్కినా అది నెట్‌లోని అసలు పుటకే పరుగెత్తుతుంది. నెట్ లేకపోతే ఖాళీ తెర మిగులుతుంది. పుట మొదట బేస్ అనే మూల చిరునామా వ్రాసి ఉన్నా ఇదే ఫలితం. చదవవలసిన విషయం మాత్రం అదే పుటలో, మన యంత్రంలోనే క్షేమంగా ఉంటుంది.

5. ఒకే పేరు రెండు చోట్ల ఉండటం. మన సరిహద్దు కుటుంబాలు విశేషంగా గమనించవలసినది ఇది. మహారాష్ట్ర శీర్షిక క్రింద అర్హతలు అని ఒక భాగం, తెలంగాణ శీర్షిక క్రింద అర్హతలు అని మరొక భాగం ఉండి, రెండింటికీ ఒకే ఐడి పెడితే, ఏ లింకును నొక్కినా సాధనం మొదటిదాని వద్దకే తీసుకొనిపోతుంది. ఒక పుటలో ఒక ఐడి ఒక్కసారే ఉండవలెనని హెచ్‌టిఎమ్‌ఎల్ నియమం. ఈ తప్పును ఏ వ్యూయర్ కూడా సరిదిద్దలేదు.

6. తెలుగు పేర్లతో వచ్చే చిక్కులు. యూనికోడ్‌లోని ప్రతి తెలుగు సంకేతం యుటిఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా నిలువ ఉంటుంది. తెలుగు న అక్షరం ఈ0, బి0, ఏ8 అనే మూడు జంటలు. మరాఠీ వ్రాసే దేవనాగరి న అక్షరం ఈ0, ఏ4, ఏ8. నడిమి జంట ఒక్కటే తేడా. చిరునామాలో ప్రతి బైటుకు ముందు % గుర్తు చేర్చి వ్రాస్తారు. పత్తి అనే మాటలో ప, త, పొల్లు, త, గుడి అని ఐదు సంకేతాలున్నాయి. అంటే 15 బైట్లు, చిరునామాలో 45 గుర్తులు. బ్రౌజరు ముందుగా ఉన్నదున్నట్లు వెదకి, దొరకకపోతే ఈ % గుర్తులను విప్పి మళ్లీ వెదకుతుంది. విప్పడం తెలియని వ్యూయర్‌కు పత్తి ఎన్నటికీ దొరకదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని వెనుకనున్న మీడియావికీ చాలా ఏండ్లు % బదులు చుక్కలతో విభాగాల పేర్లను వ్రాసేది. 2017లో ఆ పద్ధతి మారి, భాషలోని అక్షరాలనే వాడే వీలు కలిగింది. కనుక పాతకాలంలో దాచిన పుటకు కొత్త లింకు అతకకపోవచ్చును.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉన్నవి. రైతు అనే మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా వ్రాయవచ్చును, ఎత్వానికి మరొక గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చును. చూపునకు రెండూ ఒక్కటే. బైట్లను పోల్చి చూసే యంత్రానికి మాత్రం అవి వేర్వేరు పేర్లు. అలాగే పొల్లు తరువాత రెండు అక్షరాలు కలిసిపోకుండా ఉంచే కనపడని గుర్తు ఒకచోట ఉండి మరొకచోట లేకపోతే లింకు తప్పుతుంది.

7. పెద్ద బడి, చిన్న బడి, ఖాళీలు. ఇంగ్లీషు అక్షరాలతో ఐడి వ్రాసినప్పుడు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరుగా లెక్కకు వస్తాయి. కొన్ని పాత బ్రౌజర్లు ఈ తేడాను పట్టించుకొనేవి కావు. వాటిలో చక్కగా నడిచిన పుట కొత్త సాధనంలో నిలిచిపోతుంది. ఫైలు పేర్లలో ఈ తేడాను విండోస్ సాధారణంగా పట్టించుకొనదు, లినక్స్ పట్టించుకొంటుంది. ఐడి పేరులో ఖాళీ ఉండరాదన్న నియమం కూడా తరచు మరుగున పడుతుంది.

8. భద్రత కోసం వేసిన అడ్డుకట్టలు. సహాయ పుటలు యంత్రం లోపలి ఫైళ్లు కావడంతో వ్యూయర్లు వాటిని మొదట్లో మితిమీరి నమ్మాయి. దుర్మార్గులు దీనిని వాడుకొన్నారు. అందుకని 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్ నుండి, నెట్ ద్వారా దిగిన ఫైలుకు అది బయటి నుండి వచ్చినదన్న గుర్తు పడుతున్నది. 2005 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భద్రతా సవరణ తరువాత, వేరొక యంత్రంలో పంచి ఉంచిన సిహెచ్‌ఎమ్ పుస్తకాల పుటలు తెరుచుకొనడం మానివేశాయి. యెల్ప్‌లో సైతం 2025లో ఒక లోపం బయటపడింది. మోసపు సహాయ పత్రం ద్వారా యంత్రంలోని ఫైళ్లను చదివే వీలున్నదని తేలి, దానికి సవరణలు వచ్చాయి. ఈ అడ్డుకట్టలు మన మేలుకే. కాని వాటి వలన మంచి పుస్తకం కూడా కొన్నిసార్లు ఖాళీగా కనిపిస్తుంది.

ఫోనులో చదివేవారికి

నేడు మన ఇండ్లలో కంప్యూటరు కంటె ఫోనే ఎక్కువ. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుండి, ఒక యాప్ మరొక యాప్‌కు ఫైలు ఉన్న చోటును నేరుగా చెప్పడానికి బదులు, ఆ ఒక్క ఫైలును చదివే అనుమతిని మాత్రమే ఇచ్చే పద్ధతి నియమమైంది. వాట్సాప్‌లో వచ్చిన హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైలును అక్కడి నుండే తెరిస్తే ఆ ఒక్క పుట కనిపిస్తుంది. ప్రక్కనుండవలసిన బొమ్మలు, మిగిలిన పుటలు కనిపించవు. పుట లోపలి లింకులు మాత్రం, తెరిచిన యాప్ సరియైనదైతే, నడవవలెను. నడవకపోతే మరొక బ్రౌజరుతో తెరిచి చూడండి.

చదువరులు చేయవలసినవి

లింకు దారి తప్పిందని అనుమానం కలిగితే ఈ క్రింది వరుసలో ప్రయత్నించండి.

మొదట, చేరిన చోట పైకి జరిపి శీర్షిక చదవండి. పంట పేరు, రాష్ట్రం పేరు, సంవత్సరం ఈ మూడూ సరిచూసుకొన్న తరువాతనే అంకెలను గాని కాగితాల జాబితాను గాని వ్రాసుకొనండి. మరే ఉపాయం తెలియకపోయినా ఈ ఒక్క అలవాటు నష్టాన్ని ఆపుతుంది.

రెండు, లింకును వదలి పుటలోనే వెదకండి. కంప్యూటరులో కంట్రోల్ మీటను పట్టుకొని ఎఫ్ మీటను నొక్కితే వెదికే పెట్టె వస్తుంది. ఫోను బ్రౌజరులో మూడు చుక్కల మెనూలో పుటలో వెదికే సదుపాయం ఉంటుంది. అయితే యూనికోడ్ వ్యాప్తికి ముందు ఆయా సంస్థల సొంత ఫాంట్లతో తయారైన పుటలలో, కంటికి తెలుగుగా కనిపించేవి లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటిలో తెలుగు టైపు చేసి వెదకితే దొరకదు. అప్పుడు చేతితో పుటను జరుపుకొంటూ చదవడమే మార్గం.

మూడు, అదే ఫైలును ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వంటి బ్రౌజరులో తెరవండి. అక్కడ లింకు పనిచేస్తే లోపం హెల్ప్ వ్యూయర్‌ది. అక్కడా పనిచేయకపోతే లోపం పుటలోనే ఉండవచ్చును. చిరునామా పట్టీలో # తరువాత ఏమున్నదో చూడండి. ఏమీ లేకపోతే దారిలో రాలిపోయినట్లు. నెట్ చిరునామా కనిపిస్తే పుట పాత ఇంటికి పరుగెత్తినట్లు.

నాలుగు, ఫైలును వేరే చోటికి నకలు చేయండి. #, % వంటి గుర్తులు లేని చిన్న పేరుగల ఫోల్డరులో, పంచిన యంత్రంలో కాక సొంత యంత్రంలోనే ఉంచండి. జిప్ మూటలోని పుటను మూట విప్పకుండా తెరవకండి. విప్పిన తరువాతనే అన్ని పుటలూ ఒకదానికొకటి అందుబాటులో ఉంటాయి.

ఐదు, నెట్ నుండి దిగిన సిహెచ్‌ఎమ్ పుస్తకం ఖాళీగా కనిపిస్తే, దానిపై కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. అన్‌బ్లాక్ అనే మాట కనిపిస్తే గుర్తు పెట్టి ఓకే నొక్కండి. కాని ఆ పుస్తకం ఎవరు ఇచ్చారో, నమ్మదగినదో నిశ్చయించుకొన్న తరువాతనే ఈ పని చేయవలెను. సిహెచ్‌ఎమ్ ఫైలు పుస్తకంలా కనిపించినా, యంత్రంలో ప్రోగ్రాములను నడపగలదు. ముక్కు మొగము తెలియనివారు పంపినదైతే తెరవకుండా తీసివేయడమే క్షేమం.

పుటలు తయారుచేసేవారికి

మన గ్రామాలలో ఎందరో యువకులు, ఉపాధ్యాయులు తమ ఊరివారికని ఇటువంటి పుటలు తయారుచేస్తున్నారు. వారికి కొన్ని సూచనలు.

ప్రతి భాగానికి వేరు ఐడి ఇవ్వండి. అర్హతలు అని ఊరక వ్రాయక, మహా-అర్హతలు, తెలం-అర్హతలు అని రాష్ట్రం పేరు చేర్చండి. 2014లో ప్రమాణమైన హెచ్‌టిఎమ్‌ఎల్5 తెలుగులో ఐడిలు వ్రాయడాన్ని అనుమతిస్తున్నది. అంతకుముందు 1999 నాటి 4.01 ప్రమాణం ఇంగ్లీషు అక్షరంతో మొదలుకావలెనని కోరేది. పాత వ్యూయర్లలో కూడా నడవవలెనంటే, తెర మీద కనిపించే శీర్షికను తెలుగులో ఉంచి, లోపలి ఐడిని చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో వ్రాయడమే మేలు.

అదే పుటలోని లింకుకు # తో మొదలయ్యే చిరునామా చాలును. ఫైలు పేరును గాని నెట్ చిరునామాను గాని చేర్చకండి. బేస్ మూల చిరునామా వాడకండి. బొమ్మలకు పొడవు, వెడల్పు ముందే వ్రాయండి. లేనియెడల లింకు సరియైన చోట ఆగిన తరువాత పైనున్న బొమ్మలు విచ్చుకొని, చదువుతున్న భాగం క్రిందికి జారిపోవచ్చును. మోతాదులు, గడువులు, రుసుములు ఉన్న ప్రతి పట్టికలోనే పంట పేరు, రాష్ట్రం పేరు, సంవత్సరం మళ్లీ వ్రాయండి. లింకు తప్పినా పట్టిక తప్పు చెప్పకుండా ఉంటుంది. చివరగా, పుటను పంచిపెట్టే ముందు నెట్ తీసివేసి, విషయసూచికలోని ప్రతి పేరును ఒక్కసారి నొక్కి చూడండి. ఒక గంట శ్రమ ఊరందరికీ ఉపకరిస్తుంది.

ముగింపు

తొలిసారి కంప్యూటరు ముందు కూర్చున్న పెద్దవారు లింకు పనిచేయకపోతే తామే ఏదో చెడగొట్టామని వెనుకకు జరుగుతారు. పిల్లలు ఆ పుట పనికిరాదని మూసివేస్తారు. రెండూ తొందరపాటే. ఫైలులోని విషయం ఎక్కడికీ పోలేదు. # గుర్తుకు ఇవతల ఉన్న ఊరికి చేరాము, అవతల ఉన్న ఇల్లు ఒక్కటే దొరకలేదు. ఊరికి చేరినవాడు ఇంటిని అడిగి తెలుసుకొన్నట్లే, పుటకు చేరినవారు శీర్షికను చూసి, మాటను వెదకి, కావలసిన చోటికి పోవచ్చును. తలుపు తెరిచే ముందు అది మన ఇల్లేనా అని ఒక్కసారి చూసుకొంటే చాలును.